బ్రేకుల్లో గాలి తీశాక కూడా పెడల్ మెత్తగానే ఉంటే

బండి సందేహాలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం బ్రేకుల గురించే. మన డెల్టాలో చాలా రోడ్లకు ఒక పక్క కాలువ, ఇంకో పక్క చెరువు. పెడల్ మీద అనుమానం ఉన్న బండిని గట్టు మీదకు తీసుకెళ్ళడం ప్రాణం మీదకు తెచ్చుకోవడమే. అందుకని మిగతా ప్రశ్నల్ని వచ్చే సంచికకు ఉంచి, ఈసారి బ్రేకులకే చోటిచ్చాం.

ప్రశ్న: మాది పదకొండేళ్ళ చిన్న హ్యాచ్‌బ్యాక్. ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు, ఏబీఎస్ లేదు. ముందు రెండు వైపులా కాలిపర్లు (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగాలు) ఊడదీసి ప్యాడ్లు మార్చాం. ఎడమ వైపు హోస్ పైపు పగుళ్ళిచ్చిందని అది కూడా కొత్తది వేశాం. తర్వాత నేనూ మా తమ్ముడూ కలిసి నాలుగు చక్రాలకూ మూడేసి సార్లు గాలి తీశాం. ఇప్పుడు నిపిల్ (గాలి తీయడానికి విప్పే చిన్న బోలు మర) దగ్గర బుడగలు రావడం లేదు. అయినా పెడల్ తొక్కితే స్పాంజిలా దిగుతోంది. రెండు మూడు సార్లు కొడితే పైకి వస్తోంది. మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే చక్రాలకు ఆయిల్ నెట్టేది) మార్చేయమంటున్నారు. మార్చాలా అండి?
— ఒక పాఠకుడు, అమలాపురం

జవాబు: అప్పుడే మార్చకండి. మాస్టర్ సిలిండర్ పోయిన లక్షణం వేరేగా ఉంటుంది. దాని సంగతి కింద పాలకొల్లు పాఠకురాలి ప్రశ్నలో చెప్పాం. మళ్ళీ నిపిల్ విప్పి ఆయిల్ పోసే ముందు, అసలు పెడల్ ఏం చెబుతోందో తెలుసుకోవాలి.

ఇంజిన్ ఆపి, పెడల్‌ను ఐదారు సార్లు తొక్కండి. బూస్టర్‌లో (వ్యాక్యూమ్‌తో కాలి బలానికి సాయపడే డబ్బాలో) మిగిలిన వ్యాక్యూమ్ పోయి పెడల్ గట్టిపడుతుంది. పరీక్షలన్నీ ఈ స్థితిలోనే చేయాలి. ఇంజిన్ నడుస్తుండగా తొక్కితే బూస్టర్ సాయంతో మంచి బ్రేకు కూడా కాస్త మెత్తగానే అనిపిస్తుంది. పెడల్ మీద కాలుంచి ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడు అది ఒకింత కిందికి దిగడం కూడా లోపం కాదు, బూస్టర్ పనిచేస్తోందని అర్థం.

ఇప్పుడు ఒకసారి నిదానంగా తొక్కి చూడండి. కాలి కింద స్ప్రింగులాగా లోపలికి వెళ్ళి, కాలు సడలించగానే తిరిగి తోస్తుంటే లోపల గాలి ఉంది, లేదా ఏదో హోస్ పైపు ఉబ్బుతోంది. మొదటిసారి బాగా కిందికి వెళ్ళి, రెండోసారికి పైనే రాయిలా ఆగిపోతే అది గాలి కాదు. వెనక డ్రమ్ముల్లో షూలకూ డ్రమ్ముకూ మధ్య ఎడం ఎక్కువైంది. ఈ రెండింటినీ ఒకటే అనుకోవడం వల్లే బోలెడు ఆయిల్ వృథా అవుతుంటుంది. మీ ఉత్తరంలో రెండు లక్షణాలూ కనిపిస్తున్నాయి కాబట్టి రెండూ చూడాలి.

తేలికైనది ముందు చూద్దాం. హ్యాండ్‌బ్రేక్ గట్టిగా లాగి పెట్టి పెడల్ తొక్కండి. మామూలుగా కంటే బాగా పైనే ఆగితే, వెనక షూలు దూరంగా ఉన్నట్టే. హ్యాండ్‌బ్రేక్ కేబుల్ లాగినప్పుడు షూలు డ్రమ్ము దాకా వస్తాయి. అప్పుడు పెడల్ నెట్టాల్సిన ఆయిల్ తగ్గుతుంది. దీనికి మందు కేబుల్ బిగించడం కాదు. కేబుల్‌ను పూర్తిగా వదులు చేసి, డ్రమ్ము లోపల అడ్జస్టర్ తిప్పి, చక్రాన్ని చేత్తో తిప్పితే షూ సన్నగా రాసుకునే శబ్దం వచ్చేదాకా సరిచేయాలి. కేబుల్‌ను ఆ తర్వాతే బిగించాలి. కేబుల్ ముందే బిగిస్తే చాలా కార్లలో లోపలి ఆటో అడ్జస్టర్ పనిచేయడం మానేస్తుంది. డ్రమ్ము లోపల గట్టు కట్టి, షూ అరిగి ఉంటే అవి కూడా మార్చాల్సిందే.

అది సరిచేశాక కూడా స్ప్రింగులా ఉంటే గాలి సంగతి చూడాలి. కొంచెం గాలే కదా అనుకోవద్దు. చిన్న కార్ల మాస్టర్ సిలిండర్ లోపలి వ్యాసం సుమారు 20 మిల్లీమీటర్లు ఉంటుంది. అంటే దాని అడ్డుకోత 3 చదరపు సెంటీమీటర్ల పైచిలుకు. లైనులో ఎక్కడో ఒక మిల్లీలీటరు గాలి ఉంటే, బ్రేకు గట్టిగా తొక్కినప్పుడు వచ్చే ఒత్తిడికి అది దాదాపు మొత్తం నలిగిపోతుంది. దాన్ని నలపడానికే పిస్టన్ 3 మిల్లీమీటర్లు అదనంగా కదలాలి. పెడల్ లివర్ నిష్పత్తి 4 ఉంటే (అంటే పిస్టన్ కదిలినదానికి పెడల్ నాలుగు రెట్లు కదిలితే), మీ కాలి కింద అది 12 మిల్లీమీటర్లు. ఒక్క మిల్లీలీటరుకే ఇంత.

బుడగలు ఆగాయి కానీ గాలి పోలేదంటే, అది నిపిల్ దాకా రాలేని చోట కూర్చుంది. మీరు కాలిపర్లు రెండూ ఊడదీశారు కాబట్టి మొదట అనుమానించాల్సింది కుడి ఎడమలు మారిపోయాయేమో అని. కాలిపర్ బిగించాక బ్లీడర్ నిపిల్ తప్పకుండా పై భాగంలో ఉండాలి. కుడిది ఎడమకు వేస్తే చక్కగా బిగుస్తుంది, ప్యాడ్లూ కూర్చుంటాయి, కానీ నిపిల్ కిందికి వస్తుంది. అప్పుడు నీళ్ళలో బోర్లించిన చెంబులో గాలి నిలిచినట్టు పై భాగాన గాలి అలాగే ఉండిపోతుంది. ఎన్ని లీటర్లు పోసినా కింది నుంచి శుభ్రమైన ఆయిలే వస్తుంది. బుడగలు లేవని మోసపోతాం.

రెండోది, హోస్ మార్చేటప్పుడు రిజర్వాయర్ (మాస్టర్ సిలిండర్ మీది ఆయిల్ డబ్బా) ఖాళీ అయిందా అన్నది. పైపు విప్పి వదిలేస్తే కాసేపట్లో ఆయిలంతా కారిపోయి మాస్టర్ సిలిండర్‌లోకే గాలి వెళుతుంది. చక్రాల దగ్గర గాలి తీసినంత మాత్రాన అది చాలాసార్లు పూర్తిగా బయటికి రాదు. సిలిండర్‌ను విప్పి బెంచి మీద గాలి తీయడం మంచి పద్ధతి. విప్పకుండా చేయాలంటే, సిలిండర్ కింద గుడ్డ పరిచి, ఒకరు పెడల్‌ను నిదానంగా తొక్కి పట్టుకోవాలి. ఇంకొకరు అక్కడి పైపు నట్టును పావు చుట్టు విప్పి, బుడగలతో ఆయిల్ చిమ్మగానే బిగించాలి. బిగించాకే పెడల్ వదలాలి. రెండు మూడు సెకన్లు ఆగి మళ్ళీ. బుడగ లేకుండా ఆయిల్ మాత్రమే వచ్చేదాకా ఒక్కో నట్టు దగ్గరా ఇలాగే. చిమ్మిన ఆయిల్ పెయింటు మీద పడితే వెంటనే నీళ్ళు పోసి కడగండి. తుడిస్తే చాలదు, పెయింటు ఊడిపోతుంది.

మూడోది, గాలి తీసే తీరు. తొక్కేవాళ్ళు గబగబా పది సార్లు కొట్టి పట్టుకోవడం మన షెడ్లలో అలవాటు. అలా కొడితే పెద్ద బుడగ చితికి నురగవుతుంది. సన్నని నురగ పైపు గోడలకు అంటుకుని కదలదు. మెల్లగా తొక్కించండి. ఇద్దరి మధ్య మాట ఇలా నడవాలి: తొక్కు, పట్టుకో, ఇవతల నిపిల్ పావు నుంచి అర చుట్టు విప్పాలి, పెడల్ దిగుతుండగానే బిగించాలి, బిగించానన్న మాట వినిపించాకే వదులు. పెడల్ ముందు వదిలేస్తే వచ్చిన గాలే లోపలికి తిరిగి వెళుతుంది. నిపిల్‌కు తొడిగిన పారదర్శకపు ట్యూబు రెండో చివర ఎప్పుడూ కొంచెం కొత్త ఆయిల్ ఉన్న సీసాలో మునిగి ఉండాలి.

పాత బండిలో పెడల్‌ను నేల దాకా తొక్కనివ్వకండి. సిలిండర్‌లో పిస్టన్ రోజూ తిరిగే దూరం దాటి లోపల తుప్పు, మురికి పేరుకుని ఉంటాయి. పెడల్ అక్కడికి వెళితే రబ్బరు వాషర్లు చీరుకుంటాయి. పెడల్ కింద ఒక చెక్క ముక్క పెడితే ఆ బాధ ఉండదు. బ్లీడింగ్ (గాలి తీయడం) ముందు బాగున్న మాస్టర్ సిలిండర్ బ్లీడింగ్ తర్వాత పోవడానికి చాలాసార్లు ఇదే కారణం.

వరుస: మన కార్లలో స్టీరింగ్ కుడి పక్క, మాస్టర్ సిలిండర్ సాధారణంగా అదే పక్క. కాబట్టి దూరం నుంచి దగ్గరకు ఎడమ వెనక, కుడి వెనక, ఎడమ ముందు, కుడి ముందు. కొన్ని కార్లలో లైన్లు ఐమూలగా చీలి ఉంటాయి, వాటికి కంపెనీ మాన్యువల్‌లో ఇచ్చిన వరుసే పాటించాలి. రిజర్వాయర్ సగానికి దిగక ముందే నింపుతుండాలి.

ఇవన్నీ చేసినా మెత్తగా ఉంటే ఎక్కడ లోపమో విడదీసి పట్టుకోవచ్చు. హోస్ నొక్కడానికి నున్నటి అంచులున్న క్లాంపులు దొరుకుతాయి. పళ్ళున్న ప్లయర్‌తో నొక్కకండి, లోపలి పొర తెగుతుంది. అన్ని రబ్బరు హోసులనూ నొక్కి పెట్టి పెడల్ తొక్కండి. పైనే గట్టిగా ఆగితే మాస్టర్ సిలిండర్ మంచిదే, దాని జోలికి వెళ్ళనక్కర్లేదు. తర్వాత ఒక్కో క్లాంపు తీస్తూ తొక్కి చూడండి. ఏది తీసినప్పుడు పెడల్ ఒక్కసారిగా మెత్తబడిందో, లోపం ఆ చక్రంలో లేదా ఆ హోసులో ఉంది. ఆ చక్రం దగ్గర ఒకరు హోసును వేళ్ళ మధ్య పట్టుకుని, ఇంకొకరిని గట్టిగా తొక్కమనండి. ఉబ్బడం చేతికి తెలుస్తుంది. ఎడమది పగిలిందంటే కుడిదీ అదే వయసుది, జతగా మార్చడమే సరి. హోస్‌ను కాలిపర్‌కు బిగించే బాంజో బోల్టు దగ్గర రెండు వైపులా ఉండే రాగి వాషర్లు మాత్రం పాతవి వాడొద్దు.

ప్యాడ్ల వైపు కూడా ఒక చూపు చూడండి. కొత్త ప్యాడ్ బ్రాకెట్‌లో వంకరగా కూర్చున్నా, కాలిపర్ జరగడానికి ఉండే స్లైడ్ పిన్నులు ఎండిపోయి పట్టేసినా, తొక్కినప్పుడు కాలిపర్ వంగి పెడల్ స్ప్రింగులా అనిపిస్తుంది. పిన్నులు తీసి తుడిచి, బ్రేకులకని అమ్మే సిలికోన్ గ్రీజు పల్చగా రాయండి. బేరింగు గ్రీజు రాస్తే రబ్బరు బూట్లు ఉబ్బుతాయి. చక్రం బేరింగులో ఆట ఉంటే డిస్కు ఊగి ప్యాడ్లను వెనక్కి నెడుతుంది. అప్పుడు ప్రతి మలుపు తర్వాత మొదటి తొక్కుడు కిందికి పోతుంది.

అంతా అయ్యాక ఇంజిన్ నడుస్తుండగా పెడల్‌ను ఒక నిమిషం గట్టిగా తొక్కి పట్టి, ప్రతి జాయింటునూ పొడి కాగితంతో తుడిచి చూడండి. తడి తగలకపోతే ఖాళీ స్థలంలో నెమ్మదిగా నడిపి చూసి, ఆ తర్వాతే రోడ్డెక్కండి.

ప్రశ్న: పెడల్ పైనే ఉంది, గట్టిగానూ ఉంది. కానీ రైల్వే గేటు దగ్గర తొక్కి పట్టుకుంటే మెల్లగా కిందికి జారిపోతోంది. ఆయిల్ ఎక్కడా కారడం లేదు, రిజర్వాయర్‌లో మట్టం కూడా తగ్గలేదు.
— ఒక పాఠకురాలు, పాలకొల్లు

జవాబు: మాస్టర్ సిలిండర్ లోపలి వాషర్ అరిగి, ఆయిల్ దాన్ని దాటుకుని సిలిండర్ లోపలే వెనక్కి పోతోంది. బయట తడి లేకుండా, మట్టం తగ్గకుండా పెడల్ జారితే మొదట అనుమానించాల్సింది అదే. గాలి తీస్తే ఇది పోదు. ఒకవేళ రిజర్వాయర్ మట్టం తగ్గుతుండి బయట ఏమీ కనిపించకపోతే, సిలిండర్‌ను బూస్టర్ నుంచి రెండు నట్లు విప్పి కాస్త ముందుకు లాగి చూడండి. వెనక వాషర్ పోతే ఆయిల్ బూస్టర్‌లోకి కారుతుంది.

కిట్ (లోపలి రబ్బరు వాషర్ల సెట్టు) వేయాలా, కొత్త సిలిండర్ వేయాలా అంటే, సిలిండర్ లోపల వేలు పెట్టి చూసి నిర్ణయించాలి. అద్దంలా నున్నగా ఉంటే కిట్ చాలు. గుంటలు, గీతలు తగిలితే కొత్తది వేయండి. డెల్టా తేమకు ఏళ్ళ తరబడి ఆయిల్ మార్చని బండ్లలో గుంటలే ఎక్కువ కనిపిస్తాయి, వాటి మీద కొత్త రబ్బరు ఎంతోకాలం నిలవదు. కిట్ వాషర్లను బ్రేక్ ఆయిల్‌తోనే తడపాలి. ఇంజిన్ ఆయిల్, కిరోసిన్, పెట్రోలు తగిలితే రబ్బరు ఉబ్బిపోతుంది. ఎవరైనా పొరపాటున రిజర్వాయర్‌లో ఇంజిన్ ఆయిల్ పోసి బండి నడిపితే, కడిగినంత మాత్రాన సరిపోదు. మాస్టర్ సిలిండర్ నుంచి చక్రాల దాకా రబ్బరున్న ప్రతిదీ, హోసులతో సహా మార్చాలి.

ప్రశ్న: భీమవరంలో ఎంత తిరిగినా బ్రేకు చక్కగా పడుతుంది. మారేడుమిల్లి ఘాట్‌లో దిగేటప్పుడు సగం దారిలో పెడల్ నేలకంటింది. అరగంట ఆగితే మళ్ళీ మామూలైంది. షెడ్డులో చూపిస్తే అంతా బాగుందన్నారు.
— ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: షెడ్డుకు వచ్చేసరికి చల్లారింది కాబట్టి బాగున్నట్టే కనిపిస్తుంది. మీ బ్రేక్ ఆయిల్‌లో నీళ్ళున్నాయి.

ఇప్పటి కార్లలో వాడే డాట్ 3, డాట్ 4 ఆయిల్ గాలిలో తేమను పీలుస్తుంది. రబ్బరు హోసుల గోడల గుండా, రిజర్వాయర్ మూత రంధ్రం గుండా ఏళ్ళ తరబడి మెల్లగా తేమ చేరుతుంది. ప్రమాణాల ప్రకారం కొత్త డాట్ 3 కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. తేమ 3.7 శాతానికి చేరితే ఆ హద్దు 140కి దిగుతుంది. డాట్ 4కు ఈ అంకెలు 230, 155. మన పల్లపు నేల మీద బ్రేకులు అంత వేడెక్కవు కాబట్టి లోపం బయటపడదు. ఘాట్‌లో కిలోమీటర్ల కొద్దీ తొక్కుతూ దిగితే కాలిపర్ దగ్గర ఆయిల్ మరిగి ఆవిరవుతుంది. ఆవిరి నలిగిపోతుంది, పెడల్ నేలకంటుతుంది. చల్లబడ్డాక ఆవిరి తిరిగి ద్రవమవుతుంది, పెడల్ తిరిగొస్తుంది.

మొత్తం ఆయిల్ మార్చండి. చిన్న కారుకు అర లీటరు డబ్బా ఒకటి బొటాబొటిగా సరిపోతుంది, రెండు దగ్గరుంచుకోవడం మేలు. రిజర్వాయర్‌లో పాతది సిరంజితో లాగేసి, కొత్తది నింపి, ఒక్కో చక్రం దగ్గరా రంగు తేటపడేదాకా తీయాలి. మూత మీద ఏది రాసి ఉంటే అదే వాడండి. డాట్ 3 చెప్పిన చోట డాట్ 4 వేయవచ్చు. డాట్ 5 మాత్రం సిలికోన్ ఆయిల్, వీటితో కలపకూడదు. పేరు దగ్గరగా ఉన్నా డాట్ 5.1 వేరు, అది డాట్ 4 జాతిదే. సీలు తీసి నెలల తరబడి షెడ్డు అరలో ఉన్న డబ్బా ఆయిల్ పోయనివ్వకండి. మన ఉక్కలో అది అప్పటికే నీళ్ళు తాగి ఉంటుంది. రెండేళ్ళకొకసారి మార్పించండి.

ఘాట్ దిగేటప్పుడు ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులో దిగాలి. పెడల్ మీద కాలు ఆనించి ఉంచకుండా, గట్టిగా కాసేపు తొక్కి పూర్తిగా వదలాలి.

ప్రశ్న: రొయ్యల చెరువులకు మేత బస్తాలు వేసే పికప్. వెనక ఒక ఇనుప బ్రేకు పైపు తుప్పు పట్టి చిల్లి పడితే మార్చాం. జాకీ మీద ఎత్తి గాలి తీస్తుంటే వెనక చక్రాలకు ఆయిల్ సరిగ్గా రావడం లేదు. పెడల్ మెత్తగా ఉంది.
— ఒక పాఠకుడు, రాజోలు

జవాబు: ఛాసిస్‌ను ఎత్తారు, ఇరుసు వేలాడింది. మీ ఇబ్బంది అక్కడే. చాలా పికప్‌లలో వెనక బ్రేకుకు లోడును బట్టి ఒత్తిడి మార్చే వాల్వు ఉంటుంది. ఛాసిస్‌కూ ఇరుసుకూ మధ్య ఉన్న చిన్న కడ్డీ ద్వారా బండి ఎంత కుంగిందో దానికి తెలుస్తుంది. ఇరుసు వేలాడితే బండి ఖాళీ అనుకుని వెనక్కి వెళ్ళే ఆయిల్‌ను అదుపు చేస్తుంది. జాకీ ఇరుసు కింద పెట్టండి, లేదా చక్రాలు నేల మీద ఉండగానే తీయండి. కొన్ని బండ్లలో ఆ వాల్వు మీదే ఇంకో నిపిల్ ఉంటుంది, అక్కడా గాలి తీయాలి. కడ్డీ తుప్పుతో పట్టేసిందేమో చూడండి, పట్టేస్తే లోడున్నా వెనక బ్రేకు పూర్తిగా పడదు.

ఉప్పు నీటి చెరువుల దగ్గర తిరిగే బండ్లకు పైపు ఒక చోట చిల్లి పడిందంటే మిగతావీ పలచబడే ఉంటాయి. క్లిప్పుల కింద, ఇరుసు మీద మట్టి నిలిచే చోట గోటితో గీకి చూడండి. పొరలుగా ఊడితే మార్చాల్సిందే. పైపు కొన అంచును డబుల్ ఫ్లేర్ (రెండు మడతలుగా విప్పారేలా) కొట్టించాలి. ఫ్రిజ్ రిపేరుకు వాడే రాగి గొట్టం వేయకండి, అదురుకు అది పెళుసై పగులుతుంది. చిల్లి మీద వెల్డింగు, సీలింగ్ ముద్ద ఏదీ పనికిరాదు, అక్కడ ఒత్తిడి 70 బార్ దాటవచ్చు.

ప్రశ్న: ఒంటరిగా పని చేసుకుందామని చేతి వ్యాక్యూమ్ పంపు కొన్నాను. నిపిల్ దగ్గర లాగుతుంటే బుడగలు ఎంతకీ ఆగవు.
— ఒక పాఠకుడు, తణుకు

జవాబు: ఆ బుడగల్లో ఎక్కువ భాగం లైనులోవి కావు. నిపిల్ విప్పినప్పుడు దాని మర చుట్ల సందుల్లోంచి బయటి గాలిని పంపు లాగుతోంది. నిపిల్ తీసి, కొన భాగం, పక్క రంధ్రం వదిలేసి మర చుట్ల మీద మాత్రం టెఫ్లాన్ టేపు ఒకటిన్నర చుట్టు చుట్టండి. అసలు ఒంటరిగా చేయడానికి పంపు కూడా అక్కర్లేదు. ట్యూబు తొడిగి నిపిల్ విప్పి, ఆయిల్ తనంతట తాను కారనివ్వండి. చక్రానికి పది పదిహేను నిమిషాలు పడుతుంది, రిజర్వాయర్ మీద కన్ను వేసి ఉంచాలి.

ప్రశ్న: వరదకు మా లంకలో కారు చక్రాల సగం దాకా నీళ్ళలో రెండు రోజులు నిలిచింది. బ్రేకు పడుతోంది. ఏమైనా చేయాలా?
— ఒక పాఠకుడు, ముమ్మిడివరం

జవాబు: డ్రమ్ములు విప్పించండి. ఒండ్రు షూల మధ్య చేరి ఉంటుంది. నీళ్ళతో కడిగి ఆరనిచ్చి, వీల్ సిలిండర్ (డ్రమ్ములో షూలను నెట్టేది) రబ్బరు బూటు ఎత్తి చూడండి. లోపల తడి గానీ తుప్పు గానీ ఉంటే సిలిండర్ మార్చి, ఆయిల్ మొత్తం కొత్తది పోయాలి. స్లైడ్ పిన్నులూ తీసి తుడవాలి. తడిసిన బండికి హ్యాండ్‌బ్రేక్ లాగి రోజుల తరబడి వదిలేస్తే షూలు డ్రమ్ముకు అతుక్కుంటాయి. గేరులో ఉంచి, చక్రాల కింద రాళ్ళు పెట్టండి.

ప్రశ్న: వెనక బ్లీడర్ నిపిల్ తుప్పుతో బిగిసిపోయింది. బలవంతం చేస్తే విరుగుతుందేమోనని భయం.
— ఒక పాఠకుడు, నరసాపురం

జవాబు: మీ భయం సరైనదే. లోపల బోలుగా ఉండే సన్నని మర అది. తుప్పు వదిలించే ఆయిల్ రాత్రే కొట్టి ఉంచండి. పొద్దున వైరు బ్రష్‌తో తుప్పు గీకి, చిన్న సుత్తితో నిపిల్ తల మీద మెల్లగా నాలుగైదు దెబ్బలు వేయండి. ఓపెన్ స్పానర్ వాడితే మూలలు అరిగిపోతాయి. ఆరు మూలల సాకెట్ వాడండి, చాలా కార్లకు 8 లేదా 10 నంబరు. మొదట బిగించే వైపు వెంట్రుకవాసి కదిపి, తర్వాత విప్పే వైపు తిప్పాలి. పట్టు విడవకపోతే అటూ ఇటూ ఆడిస్తూ మళ్ళీ ఆయిల్ కొట్టండి. విరిగితే దాన్ని డ్రిల్లు చేయించే కంటే ఆ వీల్ సిలిండర్‌నే కొత్తది వేయించడం తేలిక. కొత్త నిపిల్‌ను బలమంతా పెట్టి బిగించకండి, కోసు భాగం కూర్చుంటే చాలు. దాని మీద రబ్బరు టోపీ మరవకుండా తొడగండి.